ఫైలు చెక్‌సమ్‌ను కోడ్‌లో లెక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత తెలుగు పత్రికల స్కాన్ ప్రతులను భద్రపరిచే పనికి ప్రోగ్రాములు రాస్తుంటాను. ఆ పనిలోకి కొత్తగా వచ్చేవారు చెక్‌సమ్ గురించి దాదాపు ఒకే వరుసలో ఒకే సందేహాలు అడుగుతుంటారు కాబట్టి, వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ చేర్చాను. ఎవరికి కావలసిన ప్రశ్నను వారు నేరుగా చదువుకోవచ్చు. ఫంక్షన్ల పేర్లను, హ్యాష్ విలువల్లోని అక్షరాలను తెలుగు లిపిలో రాశాను. కోడ్‌లో మాత్రం వాటిని ఇంగ్లిషు స్పెల్లింగుతోనే టైప్ చేయాలి.

## మొదలుపెట్టే ముందు

చెక్‌సమ్, హ్యాష్ రెండూ ఒకటేనా?

వాడుకలో ఒకటిగానే చెలామణి అవుతున్నాయి గానీ, ఉద్దేశంలో తేడా ఉంది. పొరపాటును పసిగట్టడానికి డేటా నుంచి లెక్కగట్టి ఉంచే చిన్న విలువ చెక్‌సమ్. ఆధార్ సంఖ్యలోని 12 అంకెల్లో చివరిది వెర్హూఫ్ పద్ధతిలో మిగిలిన 11 అంకెల నుంచి వచ్చే తనిఖీ అంకె. ఒక అంకెను తప్పుగా కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పట్టిస్తుంది. జిప్ ఫైళ్లలోనూ పీఎన్‌జీ బొమ్మల్లోనూ ఉండే సీఆర్‌సీ-32 కూడా ఈ కోవలోదే. ఇవి పొరపాట్లను పట్టుకుంటాయి తప్ప మోసాన్ని పట్టుకోలేవు. ఫైలులో నాలుగు బైట్లను సర్దితే సీఆర్‌సీ-32ను కోరుకున్న విలువకు తెచ్చేయవచ్చు. షా-256 వంటి క్రిప్టోగ్రాఫిక్ హ్యాష్, అంటే కావాలని ప్రయత్నించినా కోరుకున్న విలువ తెప్పించలేని విధంగా డేటా నుంచి లెక్కగట్టేది, ఆ దారిని కూడా మూసేస్తుంది.

ఫైలు పేరు మారిస్తే హ్యాష్ మారుతుందా?

మారదు. హ్యాష్ లెక్కలోకి వచ్చేవి ఫైలు లోపలి బైట్లు మాత్రమే; పేరు, ఫోల్డరు, సేవ్ చేసిన తేదీ, అనుమతులు అన్నీ ఫైల్ సిస్టమ్ దగ్గర విడిగా ఉంటాయి. ఎంపీ3 పాటలో గాయకుడి పేరు సరిదిద్దితే మాత్రం హ్యాష్ మారుతుంది, ఎందుకంటే ఆ వివరం ఫైలు లోపలే రాసి ఉంటుంది.

ఏ అల్గారిథం ఎంచుకోవాలి? ఎండీ5 వేగంగా ఉంటుంది కదా?

కొత్తగా రాసే ఏ ప్రోగ్రాముకైనా షా-256 తీసుకోండి. రొనాల్డ్ రివెస్ట్ 1991లో రూపొందించిన ఎండీ5లో, ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు డేటాలను తయారుచేయవచ్చని షియావోయున్ వాంగ్ బృందం 2004లో చూపించింది. అది కాగితం మీది లెక్కగా మిగిలిపోలేదు. 2012లో బయటపడిన ఫ్లేమ్ అనే వైరస్ ఎండీ5లోని ఈ బలహీనత ఆధారంగానే మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న ప్రోగ్రాములా కనిపించింది. షా-1 వంతు 2017 ఫిబ్రవరిలో వచ్చింది: ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థ, గూగుల్ కలిసి ఒకే షా-1 విలువ ఉన్న రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను బయటపెట్టాయి.

ఇక వేగం విషయానికొస్తే, మామూలు హార్డ్ డిస్కు మీద ఫైలును చదవడానికి పట్టే సమయం ముందు హ్యాష్ లెక్కకు పట్టే సమయం పెద్దది కాదు. ఇప్పటి ప్రాసెసర్లు చాలావాటిలో షా-256 కోసం ప్రత్యేక సూచనలే ఉన్నాయి. ఎన్‌వీఎంఈ అనే అతివేగపు డిస్కుల మీద నిజంగానే వేగం సరిపోవడం లేదని కొలిచి తేల్చుకున్నవారు 2020లో వచ్చిన బ్లేక్3 అనే హ్యాష్ అల్గారిథంను పరిశీలించవచ్చు. పాత జాబితాలు ఎండీ5లోనే ఉంటే వాటిని పారేయనక్కర్లేదు. డిస్కు పాడైందో లేదో చూసుకోవడానికి అవి ఇప్పటికీ పనికొస్తాయి.

చిన్న ఫైలుకూ పెద్ద ఫైలుకూ ఒకే 64 అక్షరాలు ఎందుకు వస్తున్నాయి?

షా-256 ఫలితం ఎప్పుడూ 256 బిట్లు, అంటే 32 బైట్లు. ఒక్కో బైటును రెండు హెక్సాడెసిమల్ అక్షరాలుగా రాస్తాం కాబట్టి 64 వస్తాయి. పొడవు చూసే అల్గారిథంను పోల్చుకోవచ్చు: సీఆర్‌సీ-32కు 8, ఎండీ5కు 32, షా-1కు 40, షా-512కు 128 అక్షరాలు.

రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే షా-256 విలువ రాదని హామీ ఉందా?

గణితపరంగా హామీ లేదు. ఫైళ్లు లెక్కలేనన్ని, విలువలు మాత్రం 2కు 256వ ఘాతం. అయితే కాకతాళీయంగా ఒక జంట తగలాలన్నా సుమారు 2కు 128వ ఘాతమన్ని ఫైళ్లు కావాలి. షా-256లో ఇప్పటివరకు ఎవరూ అలాంటి జంటను చూపించలేదు. కోడ్‌లో ఈ భయంతో ఏ జాగ్రత్తలూ రాయనక్కర్లేదు.

## కోడ్ రాసేటప్పుడు

పైథాన్‌లో అతి తక్కువ కోడ్‌తో ఎలా రాయాలి?

పైథాన్ 3.11 లేదా ఆ తరువాతి వెర్షన్ ఉంటే రెండు వరుసలు చాలు. ఫైలును ‘ఆర్‌బి’ మోడ్‌లో, అంటే బైట్లుగా చదివే విధంగా తెరిచి, ఆ ఫైలునూ ‘షా256’ అనే పేరునూ హ్యాష్‌లిబ్ మాడ్యూల్‌లోని ఫైల్_డైజెస్ట్ ఫంక్షన్‌కు అందించి, తిరిగి వచ్చిన దాని మీద హెక్స్‌డైజెస్ట్‌ను పిలవాలి. పాత వెర్షన్లలో హ్యాష్‌లిబ్ నుంచి షా256 ఆబ్జెక్టును తయారుచేసుకొని, ఫైలును ముక్కలుగా చదువుతూ ప్రతి ముక్కనూ అప్‌డేట్‌కు ఇచ్చి, చదవడానికి ఏమీ మిగలనప్పుడు హెక్స్‌డైజెస్ట్ అడగాలి. ‘ఆర్‌బి’కి బదులు ‘ఆర్’ అని రాస్తే ఫైలు అక్షరాలుగా తెరుచుకుంటుంది. హ్యాష్‌కు కావలసింది బైట్లు కాబట్టి అప్‌డేట్ దాన్ని తీసుకోకుండా టైప్ ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ను తప్పించుకోవడానికి చాలామంది ఎన్‌కోడ్ తగిలిస్తారు. అలా చేయకండి, ఎర్రర్ పోతుంది గానీ వరుస ముగింపు గుర్తులు మారిపోయి తప్పుడు విలువ వచ్చే ప్రమాదం మిగిలిపోతుంది.

4 జీబీ ఫైలు ఇస్తే మెమరీ చాలడం లేదని ప్రోగ్రామ్ ఆగిపోతోంది. ఏం చేయాలి?

రీడ్ ఫంక్షన్‌కు సైజు ఇవ్వకుండా పిలిస్తే మొత్తం ఫైలు ఒక్కసారిగా మెమరీలోకి వస్తుంది, ఇబ్బందంతా అక్కడే. షా-256 లోపల ఎలాగూ 64 బైట్ల చొప్పునే పనిచేస్తుంది. దానికి ఫైలంతా ఒకేసారి అక్కర్లేదు. ఒక్కోసారి 65,536 బైట్లు, అంటే 64 కేబీ చదివి అప్‌డేట్‌కు ఇచ్చే లూప్ రాస్తే ఫైలు ఎంత పెద్దదైనా మెమరీ వాడకం పెరగదు. గో భాషలో ఈ లూప్ కూడా రాయనక్కర్లేదు. హ్యాష్ ఆబ్జెక్టునూ తెరిచిన ఫైలునూ ఐఓ ప్యాకేజీలోని కాపీకి అందిస్తే సరిపోతుంది.

ముక్క సైజు మారిస్తే హ్యాష్ విలువ మారుతుందా?

మారదు. బైట్లు అదే వరుసలో, ఒక్కటీ తగ్గకుండా పెరగకుండా అందినంతకాలం వాటిని ఎన్ని ముక్కలుగా ఇచ్చినా ఫలితం ఒకటే. సైజు మార్చినప్పుడు విలువ మారుతోందంటే లూప్‌లో తప్పు ఉందన్నమాట.

లూప్ సరిగ్గానే రాశాను, ఎర్రర్ ఏమీ లేదు, అయినా విలువ మ్యాచ్ కావడం లేదు. తప్పు ఎక్కడ?

జావా, సీ, సీ షార్ప్ వంటి భాషల్లో అయితే చివరి ముక్కను చూడండి. ఉదాహరణకు 2,00,000 బైట్ల ఫైలును 65,536 బైట్ల బఫర్‌తో (చదివిన ముక్క నిలిచే మెమరీ చోటుతో) చదివితే, మూడు నిండు ముక్కలకు 1,96,608 బైట్లు పోగా చివరిసారి వచ్చేవి 3,392 బైట్లే. కానీ బఫర్ ఖాళీ కాలేదు. మిగిలిన 62,144 స్థానాల్లో మూడో ముక్క తాలూకు పాత బైట్లు అలాగే ఉంటాయి. బఫర్ మొత్తాన్ని అప్‌డేట్‌కు ఇచ్చారంటే ఆ పాత సరుకంతా మరోసారి లెక్కలో కలిసిపోతుంది. రీడ్ ఫంక్షన్ ఎన్ని బైట్లు చదివిందో చెప్పే సంఖ్యను వేరియబుల్‌లో పట్టుకొని, అప్‌డేట్‌కు బఫర్‌తో పాటు సున్నా నుంచి ఆ సంఖ్య వరకు అని హద్దు ఇవ్వాలి.

ఈ తప్పు దాక్కోవడంలో నేర్పరి. ఫైలు సైజు బఫర్ సైజుకు సరిగ్గా గుణిజమైనప్పుడు విలువ సరిగ్గానే వస్తుంది కాబట్టి, పరీక్ష కోసం సరిగ్గా 1 ఎంబీ ఫైలు తయారుచేసుకున్నవారికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. పరీక్షకు ఖాళీ ఫైలు, ఒక బైటు ఫైలు, బఫర్‌కు ఒక బైటు తక్కువ, సమానం, ఒక బైటు ఎక్కువ ఉన్న ఫైళ్లు, ఈ అయిదూ వాడండి.

జావాలో అప్పుడప్పుడు 63 అక్షరాలే వస్తున్నాయి. ఎందుకు?

ముందున్న సున్నా రాలిపోయింది. మెసేజ్‌డైజెస్ట్ ఇచ్చిన 32 బైట్లను బిగ్‌ఇంటీజర్‌గా మార్చి, దాన్ని 16 ఆధారంగా అచ్చువేయమంటే అది సంఖ్యను రాసినట్టు రాస్తుంది. సంఖ్యకు ముందు సున్నా రాయం కదా. తొలి అక్షరం సున్నా అయ్యే అవకాశం 16లో ఒకటి కాబట్టి, సగటున ప్రతి 16 ఫైళ్లలో ఒకదానికి పొడవు తగ్గుతుంది.

నా మొదటి ఉద్యోగంలో ఈ తప్పు నేనే చేశాను. పది ఫైళ్లతో పరీక్షించి, పదీ సరిపోయాయని సంతోషించి, రాత్రంతా ప్రోగ్రామును నడవనిచ్చాను. తెల్లారి చూస్తే వందలాది స్కాన్‌లు పాడైనట్టు జాబితా వచ్చింది. డిస్కు పోయిందని అందరినీ కంగారుపెట్టి, కొత్త డిస్కుకు అడిగిన తరువాత, మా సీనియర్ ఆ జాబితాను నిలువు వరుసగా అమర్చి చూపారు: తప్పని తేలిన ప్రతి విలువా కుడివైపున ఒక అక్షరం లోపలికి ఉంది.

ప్రతి బైటునూ రెండు అక్షరాలకు తక్కువ కాకుండా రాయించడమే దీనికి మందు. జావా 17 నుంచి ఉన్న హెక్స్‌ఫార్మాట్ ఈ పని నేరుగా చేస్తుంది. పాత జావాలో స్ట్రింగ్ ఫార్మాట్‌కు ‘%02ఎక్స్’ నమూనా ఇవ్వాలి. బైట్లను ఒక్కొక్కటిగా టుహెక్స్‌స్ట్రింగ్‌తో మార్చేవారికి ఇదే తప్పు మరింత బాహాటంగా ఎదురవుతుంది, ఎందుకంటే 32 బైట్లలో ఏ ఒక్కటైనా 16 కన్నా చిన్నదయ్యే అవకాశం సుమారు 87 శాతం. అది తొలి పరీక్షలోనే బయటపడుతుంది కాబట్టి నా దృష్టిలో అదే మేలు.

బ్రౌజర్‌లోనే, జావాస్క్రిప్ట్‌తో హ్యాష్ లెక్కించవచ్చా?

చిన్న ఫైళ్లకు లెక్కించవచ్చు. బ్రౌజర్‌లో ఉండే సటిల్‌క్రిప్టో డైజెస్ట్ ఫంక్షన్ షా-256 ఇస్తుంది గానీ ముక్కలుగా తీసుకోదు. ఫైలంతా మెమరీలోకి తేవాలి. పైగా అది హెచ్‌టీటీపీఎస్ పేజీల్లోనూ లోకల్‌హోస్ట్‌లోనూ మాత్రమే దొరుకుతుంది, ఎండీ5 అడిగితే ఇవ్వదు. పెద్ద ఫైళ్లకు ముక్కలుగా లెక్కించే విడి లైబ్రరీ వాడుకోవాలి. బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో ఈ ఇబ్బంది లేదు. క్రియేట్‌హ్యాష్‌కు ఫైల్ స్ట్రీమ్‌ను పైప్ చేయవచ్చు.

## విలువ సరిపోనప్పుడు

ఏ ఫైలు ఇచ్చినా ‘ఇ3బి0సి442’తో మొదలయ్యే విలువే వస్తోంది. ఇదేమిటి?

అది శూన్యానికి షా-256 విలువ, అంటే ఒక్క బైటు కూడా అందనప్పుడు వచ్చేది, ‘7852బి855’తో ముగుస్తుంది. ఎండీ5లో దీనికి సాటి విలువ ‘డి41డి8సిడి9’తో మొదలవుతుంది. ఈ రెండింటినీ కంఠతా పెట్టుకున్నా తప్పు లేదు. సాధారణంగా కారణం ఈ మూడింటిలో ఒకటి: ఫైలు నిజంగానే ఖాళీగా ఉండటం, అదే ఫైలు ఆబ్జెక్టును ఇంతకుముందే చివరిదాకా చదివేసి, సీక్‌తో మొదటికి తీసుకురాకుండా హ్యాష్‌కు ఇవ్వడం, లేదా అప్‌డేట్‌ను పిలవడం మరచిపోవడం. రెండోదే నాకు ఎక్కువగా తారసపడింది. ముఖ్యంగా వెబ్ అప్లికేషన్‌లో అప్‌లోడ్ అయిన ఫైలును ముందు సేవ్ చేసి, ఆ తరువాత హ్యాష్ లెక్కించే కోడ్‌లో కనిపిస్తుంది.

అదే టెక్స్ట్ ఫైలుకు విండోస్‌లో ఒక విలువ, లినక్స్‌లో మరో విలువ వస్తోంది. ఏది సరైనది?

రెండూ సరైనవే, ఫైళ్లే వేరు. విండోస్‌లో తయారైన టెక్స్ట్ ఫైలులో ప్రతి వరుస చివరా సాధారణంగా రెండు బైట్లు, లినక్స్‌లో ఒకటే బైటు ఉంటాయి. గిట్ తన ఆటోసీఆర్ఎల్ఎఫ్ సెట్టింగును బట్టి చెక్ అవుట్ చేసేటప్పుడు వీటిని చడీచప్పుడు లేకుండా మార్చేస్తుంది. కొన్ని ఎడిటర్లు ఫైలు మొదట్లో బామ్ అనే మూడు కనిపించని బైట్లను కూడా చేరుస్తాయి. ముందుగా రెండు ఫైళ్ల సైజును బైట్లలో పోల్చండి. తేడా సరిగ్గా వరుసల సంఖ్యకు సమానమైతే కారణం వరుస ముగింపులే, తేడా 3 అయితే బామ్‌ను అనుమానించండి.

టెర్మినల్‌లో ‘హలో’ అన్న ఇంగ్లిషు పదానికి వచ్చిన హ్యాష్, పైథాన్‌లో వచ్చిన హ్యాష్ వేరుగా ఉన్నాయి. ఎందుకు?

టెర్మినల్‌లోని ఎకో కమాండ్ పదం తరువాత ఒక కొత్త వరుస గుర్తును చేరుస్తుంది. చిన్న అక్షరాల్లో రాసిన ఆ అయిదు అక్షరాలకే అయితే షా-256 విలువ ‘2సిఎఫ్24డిబిఎ’తో మొదలవ్వాలి, ఎకో చేర్చిన ఆరో బైటు కలిస్తే ‘5891బి5బి5’ అవుతుంది. ఎకోకు బదులు ప్రింట్‌ఎఫ్ వాడండి.

రెండు తెలుగు ఫైళ్లు తెర మీద అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నాయి, హ్యాష్ మాత్రం వేరు. ఇదెలా సాధ్యం?

తెర మీద కనిపించే అక్షరం ఒకటే అయినా, దాని వెనకనున్న బైట్లు వేరు కావచ్చు, తెలుగులో ఇందుకు మూడు దారులున్నాయి. మొదటిది ఎన్‌కోడింగ్: తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కొక్కటీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు, యూటీఎఫ్-16లో రెండు బైట్లు తీసుకుంటుంది. రెండోది ఐత్వం. ‘కై’ రాయడానికి క మీద ఐత్వం గుర్తు ఒక్కటే పెట్టవచ్చు. లేదా ఎత్వం పెట్టి, దాని కింద ఐత్వపు కొమ్మును విడి గుర్తుగా చేర్చవచ్చు. యూనికోడ్ ఈ రెంటినీ సమానమనే చెబుతుంది, ఫాంట్ రెంటినీ ఒకేలా గీస్తుంది, కానీ యూటీఎఫ్-8లో మొదటిది 6 బైట్లు, రెండోది 9 బైట్లు. మూడోది ‘సాఫ్ట్‌వేర్’ వంటి పదాల్లో పొల్లు తరువాత ఒత్తు పడకుండా వేసే కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు. కొన్ని కీబోర్డులు దాన్ని పదం చివర కూడా వదిలిపెడతాయి, అదో మూడు బైట్లు.

ఫైలు చెక్‌సమ్ కావాలంటే ఈ తేడాలను తేడాలుగానే ఉంచాలి. హ్యాష్ చేయవలసిన పని అదే. రెండు వాక్యాలు ఒకటేనా అని తేల్చడం మీ ఉద్దేశమైతే, పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్‌ఎఫ్‌సీ రూపానికి (సమానమైన రాతలన్నిటినీ ఒకే గుర్తుల వరుసకు తెచ్చే రూపానికి) మార్చి, అనవసరమైన జడ్‌డబ్ల్యూఎన్‌జేలను తీసేసి, ఆ తరువాత హ్యాష్ లెక్కించాలి. అప్పుడు వచ్చేది వాక్యం హ్యాష్ తప్ప ఫైలు హ్యాష్ కాదని జాబితాలో స్పష్టంగా రాసుకోండి.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో హ్యాష్ అసలు ఫోటోతో ఎందుకు సరిపోదు?

ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి కొత్త ఫైలు తయారుచేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే బైట్లు ఉన్నవి ఉన్నట్టు చేరతాయి.

అదే ఫోల్డరును రెండుసార్లు జిప్ చేస్తే రెండు హ్యాష్‌లు వస్తున్నాయి. ఎందుకు?

జిప్ లోపల ప్రతి ఫైలుకూ మార్పు తేదీ, సమయం రాసి ఉంటాయి. ఫైళ్లను చేర్చిన వరుస, కుదింపు స్థాయి కూడా తేడా తెస్తాయి. ఫోల్డరును పోల్చాలంటే జిప్‌ను కాక, లోపలి ఒక్కో ఫైలునూ హ్యాష్ చేసి, పేర్ల క్రమంలో జాబితా రాసి పోల్చండి.

ఒకదానిలో పెద్ద అక్షరాలు, మరొకదానిలో చిన్న అక్షరాలు, మధ్యలో గీతలు ఉన్నాయి. ఇవి సమానమేనా?

సమానమే. పవర్‌షెల్‌లోని గెట్-ఫైల్‌హ్యాష్ పెద్ద అక్షరాల్లో ఇస్తుంది, లినక్స్ షా256సమ్ చిన్న అక్షరాల్లో ఇస్తుంది, సీ షార్ప్‌లోని బిట్‌కన్వర్టర్ బైటుకూ బైటుకూ మధ్య గీత పెడుతుంది. పోల్చే ముందు ఖాళీలు, గీతలు తీసేసి అంతా చిన్న అక్షరాల్లోకి మార్చండి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి సరిపెట్టుకోవద్దు. పోల్చడం కోడ్‌కే వదిలేయండి.

## విలువను వాడేటప్పుడు

వెబ్‌సైట్‌లో ఇచ్చిన హ్యాష్‌తో నా డౌన్‌లోడ్ సరిపోయింది. ఇక ఫైలు సురక్షితమేనా?

ఫైలు దారిలో పాడవకుండా చేరిందని మాత్రమే తేలింది. ఫైలూ హ్యాష్ ఒకే చోటి నుంచి వస్తే, ఆ చోటును చేజిక్కించుకున్నవాడు రెండింటినీ మార్చగలడు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవారు, దాని 17.3 సినమన్ వెర్షన్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) డౌన్‌లోడ్ లింకులను దొంగదారి అమర్చిన ఫైలు వైపు మళ్లించారు. సైటే పరుల చేతిలో ఉన్నప్పుడు అక్కడి పేజీలో రాసిన హ్యాష్‌ను నమ్మడానికి ఆధారం ఏముంటుంది? అందుకే పెద్ద ప్రాజెక్టులు హ్యాష్ జాబితా మీద జీపీజీ అనే ప్రోగ్రాముతో డిజిటల్ సంతకం పెట్టి ఇస్తాయి. సంతకాన్ని, అంతకుముందే వేరే దారిలో సంపాదించుకున్న తాళంచెవితో (పబ్లిక్ కీతో) సరిచూడాలి.

వేల ఫైళ్లను ఒకేసారి సరిచూడటం ఎలా?

ఒక్కో వరుసలో హ్యాష్, రెండు ఖాళీలు, ఫైలు దారి ఉండేలా జాబితా రాసుకుంటే, షా256సమ్‌కు ‘సి’ ఆప్షన్ ఇచ్చి మొత్తం ఒకేసారి సరిచూడవచ్చు. మీ కోడ్ ఇదే నమూనాలో జాబితా రాసేలా చూసుకోండి. రేపు మీ ప్రోగ్రామ్ లేకపోయినా జాబితా పనికొస్తుంది. దాన్ని విండోస్‌లో సేవ్ చేసి లినక్స్‌కు తెస్తే, వరుస చివరి అదనపు బైటు ఫైలు పేరులో భాగమైపోయి, కళ్లముందున్న ఫైలే లేదని కమాండ్ చెప్పవచ్చు.

కోర్టులో ఇచ్చే ఎలక్ట్రానిక్ రికార్డుకు హ్యాష్ కావాలంటున్నారు. నిజమేనా?

నిజమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రం నమూనాలో రికార్డు హ్యాష్ విలువ, దాన్ని ఏ అల్గారిథంతో లెక్కించారు అనే వివరం రాయాలి. నమూనాలో షా-1, షా-256, ఎండీ5 మూడూ పేరుతో ఉన్నాయి. ఎంచుకునే వీలున్నప్పుడు షా-256నే ఎంచుకోండి. ఫైలును కాపీ చేసిన వెంటనే, ఏ ప్రోగ్రాముతోనూ తెరిచి సేవ్ చేయకముందే లెక్కించండి.

పాస్‌వర్డ్‌లను కూడా ఇదే కోడ్‌తో హ్యాష్ చేసి దాచుకోవచ్చా?

వద్దు. ఫైళ్లకు వరమైన షా-256 వేగమే పాస్‌వర్డ్‌లకు శాపం. దొంగ క్షణానికి కోట్ల ఊహలు పరీక్షించగలడు. దానికి ఆర్గాన్2, బీక్రిప్ట్ వంటి కావాలని నెమ్మదిగా పనిచేసే పద్ధతులు వేరే ఉన్నాయి.

ఏడాది తరువాత సరిచూస్తే ఒక ఫైలు హ్యాష్ మారింది. ఇప్పుడేం చేయాలి?

హ్యాష్ చెప్పేది ఫైలు మారిందని మాత్రమే. ఎక్కడ మారిందో, ఎంత మారిందో చెప్పదు, బాగుచేయనూ లేదు. ముందుగా అదే ఫైలుకు మరోసారి లెక్కించండి. రెండుసార్లూ రెండు వేర్వేరు విలువలు వస్తే ఫైలు కన్నా ముందు కేబులునో మెమరీనో అనుమానించాలి. రెండుసార్లూ ఒకే తప్పు విలువ వస్తే మార్పు తేదీ చూడండి. తేదీ పాతదే అయితే డిస్కు మీద పాడై ఉండవచ్చు, కొత్తదైతే ఎవరో తెరిచి సేవ్ చేసి ఉండవచ్చు. రెండో ప్రతిని హ్యాష్ జాబితాతో పోల్చి, అది సరిపోతే దాన్నే కాపీ చేసుకోవాలి. జాబితాను ఫైళ్లున్న డిస్కు మీద మాత్రమే కాక, వేరే చోట కూడా ఉంచాలని చెప్పేది ఇందుకే.

ఈ దశలో కొందరు, తనిఖీలో ఎరుపు రంగు పోవాలని, మారిన ఫైలుకు కొత్త హ్యాష్ లెక్కించి జాబితాలో పాతదాని స్థానంలో రాసేస్తారు. అలా రాసిన మరుక్షణం నుంచి పాడైన ఫైలే అసలు ఫైలుగా నమోదవుతుంది, తరువాతి బ్యాకప్‌లో అదే మంచి ప్రతిని తొలగించి దాని చోటులో కూర్చుంటుంది. మా ప్రోగ్రాములో జాబితాకు కొత్త వరుస చేర్చవచ్చు గానీ, ఉన్న వరుసను మార్చే వీలు లేదు. మార్చవలసి వస్తే ఎవరు, ఎందుకు, ఏ తేదీన అన్నది పక్కన రాసి కొత్త వరుసగా చేర్చాలి.